ఎడమచేతికి ఒక పళ్లెం

మా తమ్ముడి ఇంటి హాల్లో అద్దాల తలుపుల బీరువా ఒకటి ఉంది. అందులో ఆరు తెల్లటి పళ్లేలు నిలబెట్టి ఉంటాయి. ఫిన్లాండ్ నుంచి వచ్చినవి. పళ్లెం ఉన్నది అన్నం పెట్టుకోవడానికా, నిలబెట్టి దండం పెట్టుకోవడానికా అని నేను చాలాసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా మా మరదలు నవ్వి, అవి మంచివి కదా వదినె అనేది. మంచివి కాబట్టి వాడకూడదట. ఆ ముక్క విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అవి ఎలా వచ్చాయో చెబితే గాని నా మంట ఎవరికీ అర్థం కాదు.

తమ్ముడు బూర్గంపాడు దగ్గర ఒక కాగితం ఫ్యాక్టరీలో పని చేస్తాడు. కొన్నేళ్ల కింద అక్కడ కొత్త మిషన్ బిగించడానికి ఫిన్లాండ్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. పొడుగాటి మనిషి, అరవై దాటి ఉంటాయి, ఒక మాట అడిగితే సగం మాట జవాబు చెప్పేవాడు. హోటలు తిండి పడక అవస్థ పడుతుంటే తమ్ముడు ఆదివారాలు ఇంటికి పిలుచుకొచ్చేవాడు. అప్పుడు అమ్మ తమ్ముడి దగ్గరే ఉండేది, వంట ఆమెదే. సెలవులకు వెళ్లి నేను కూడా ఆ బల్ల దగ్గర కూర్చున్నాను కాబట్టి ఇది విన్న సంగతి కాదు, చూసిన సంగతి.

మొదటి రోజు ఆయనకు చెంచా పెట్టారు. ఆయన దాన్ని పక్కకు జరిపి, మా చేతుల వంక చూసి, పప్పన్నంలో చెయ్యి పెట్టాడు. ఎడమ చెయ్యి. ఆయనది ఎడమచేతివాటం. అందరి ముద్దలూ ఒక్క క్షణం గాల్లోనే ఆగాయి. ఎడమచేత్తో అన్నం కలపడం మా ఇళ్లలో ఎంత పెద్ద తప్పో తెలిసినవాళ్లకు ఆ క్షణం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఎడమచేత్తో బెల్లం ముక్క అందుకున్నా మా వీపు మోగేది. అమ్మే ముందు తేరుకుంది. "ఆయన చెయ్యి గదే. తిననియ్యిండ్రి" అని ఇంకో గరిటెడు పప్పు వేసింది. అంతే, అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆయన ఎడమచేత్తో ముద్ద చేసుకోవడం అందరికీ ముద్దొచ్చింది. గోంగూర ఘాటుకు ముక్కు ఎర్రబడితే మరీ ముద్దొచ్చింది. మా మరదలు ఫోటో తీసింది. దానికి ఫ్రేము కట్టించి అద్దాల బీరువా పక్కన గోడకు తగిలించారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

పని ముగించుకుని వెళ్లిన ఆయన, మిషన్ ఎలా నడుస్తుందో చూడటానికి మళ్లీ ఒకసారి వచ్చినప్పుడు ఒక పెట్టె తెచ్చాడు. ఆ ఆరు పళ్లేలు అందులోవే. అమ్మకు వేరేగా ఒక కత్తెర కూడా తెచ్చాడు, నారింజ రంగు పిడులది. అమ్మ పాలప్యాకెట్లు పంటితో చింపడం చూసి ఉంటాడు. పళ్లేల గురించి తన సగం మాటల్లోనే ఆయన చెప్పింది ఏమిటంటే, ఇన్నాళ్లు అమ్మ పెట్టిన అన్నానికి అవి అమ్మకు. వాళ్ల ఇంట్లో రోజూ తినేది అలాంటి వాటిలోనే. ఒకటి పగిలితే ఒకటి కొనుక్కుంటారు. తమ్ముడు అదంతా అమ్మకు తెలుగులో చెప్పాడు. చెప్పి, తీసుకెళ్లి బీరువాలో నిలబెట్టాడు.

కత్తెరను మాత్రం అమ్మ ఎవరి చేతికీ చిక్కనివ్వలేదు. వంటింట్లో మేకుకు తగిలించుకుంది. పాలప్యాకెట్లు, గోంగూర కాడలు, చేప రెక్కలు, పూలదారం, అన్నీ దానితోనే. ఇంట్లో ఉన్న ఇనప కత్తెర బొటనవేలిని కొరికేది. దీని పిడిలో వేళ్లు వాటంతట అవే వాటి చోట్లకు పోయేవి. పిడి మీద పువ్వు లేదు, నగిషీ లేదు. ఆ రంగు వల్ల ఆకుకూరల చెత్తలో పడిపోయినా వెంటనే కనబడేది. ఎవరైనా దాన్ని తీస్తే పని అయ్యేదాకా అమ్మ పక్కనే నిలబడి, మళ్లీ మేకుకు తగిలించేదాకా కదిలేది కాదు. పళ్లేలేమో హాల్లో నిలబడి వచ్చేపోయేవాళ్లను చూస్తూ ఉండిపోయాయి.

పోయిన ఏడు అమ్మకు పక్షవాతం వచ్చింది. ఖమ్మంలో దవాఖానాలో ఉంచి తీసుకొచ్చాం. కాలు మెల్లగా దారికొచ్చింది. మాట కూడా నిదానంగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. తమ్ముడి ఇంటికి మెట్లు ఎక్కువని అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను టేకులపల్లిలో టీచర్ని, అక్కడే కిరాయి ఇల్లు, ఇంట్లో మేమిద్దరమే.

అప్పటి నుంచి అమ్మకు ఎడమచెయ్యే దిక్కు. దానితోపాటు ఒక మాట కూడా వచ్చి పడింది. మా దగ్గర ఎవరైనా తప్పనిసరై ఎడమచేత్తో ఏదైనా ఇవ్వాల్సి వస్తే, ఎడమచెయ్యి, ఏమనుకోకు అంటారు. ఎప్పుడో ఒకసారి అనే మాట అది. అమ్మ దాన్ని రోజంతా అనడం మొదలుపెట్టింది. ఇస్త్రీకి బట్టలిస్తూ అనేది. కూరగాయలామెకు సంచి అందిస్తూ అనేది. కన్నకూతుర్ని, నాకు మంచినీళ్లు ఇస్తూ కూడా అనేది. ఉన్న ఒక్క చెయ్యి కోసం మనిషి లేచింది మొదలు క్షమాపణ చెప్పుకోవడం ఏం న్యాయం? అనొద్దమ్మా అంటే తల ఊపేది, మళ్లీ అనేది.

అనకుండా ఉందామన్నా చుట్టూ ఉన్నవాళ్లు ఉండనివ్వరు. ఒకసారి పక్కింటామె పులిహోర తెచ్చింది. గుమ్మంలో ఉన్న అమ్మ చెయ్యి చాచింది. ఆమె ఆ చేతిని చూసి, గిన్నెను చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టి, మీ బిడ్డ వచ్చాక తీసుకుంటదిలే అని వెళ్లిపోయింది. చెడ్డ మనిషి కాదు. అమ్మ దవాఖానాలో ఉన్నప్పుడు మా ఇంటి ముందు రోజూ ఊడ్చి నీళ్లు చల్లింది. అంత మంచి మనిషికి ఆ పని చెయ్యడానికి ఒక్క క్షణం కూడా ఆలోచన పట్టలేదు, అదే నాకు మింగుడుపడదు. నేను బడి నుంచి వచ్చేసరికి గిన్నె గట్టు మీదే ఉంది. పులిహోరకు చీమలు పట్టాయి.

తిండి దగ్గర ఇంకా అన్యాయం. ఎడమచేత్తో తినడం ఎవరైనా చూస్తారని అమ్మ వంటింటి తలుపు వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని తినేది. నేను పక్కన కూర్చుంటే ముద్ద దిగేది కాదు. చెంచాతో తిందామంటే స్టీలు పళ్లెం తేలిక. ఒక చెయ్యి పళ్లెం పట్టుకుంటే గాని ఇంకో చెయ్యి అన్నం తీసుకోలేదు. చెంచాతో తోస్తే అన్నం అంచుకు పోయి నిలబడుతుంది. ఇంకొంచెం తోస్తే పళ్లెమే జరిగిపోతుంది. కింద తడిగుడ్డ వేసి చూశాను, గుడ్డతో సహా జరిగింది. గిన్నెలో పెట్టి ఇస్తే, నేనేమన్న పసిపిల్లనా అని పక్కన పెట్టేసింది. మెతుకులు కింద పడితే ఎవరూ చూడకముందే ఏరుకునేది. జీవితమంతా వచ్చినవాళ్లకల్లా వడ్డించిన మనిషి తన ముద్ద తాను దొంగతనంగా తినాలా? నాకు కావలసింది ఒక్కటే. అమ్మ మళ్లీ నలుగురి మధ్య కూర్చుని అన్నం తినాలి.

ముందు కత్తెర సంగతి చూశాను. అమ్మ వెంట తెచ్చుకున్న ఆ నారింజ పిడుల కత్తెరను ఎడమచేత్తో పట్టుకుంటే కోయదు, నలుపుతుంది. రెండు రేకులూ దూరం జరిగి మధ్యలో ప్యాకెట్టు మడత పడుతుంది. ఎడమచేతివాళ్ల కోసం రేకులు తిరగేసి చేసిన కత్తెర కూడా ఆ దేశం వాళ్లు చేస్తారని తెలిసి తెప్పించాను. గిన్నెలో నిలబెట్టిన పాలప్యాకెట్టు మూలను అమ్మ మొదటిసారి దానితో కోసి, తెగిన ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఎవరో కూర్చుని, ఎడమ చెయ్యి కూడా చెయ్యే, దానికీ పనులుంటాయి అనుకున్నారు. ఆమె కడుపున పుట్టినవాళ్లం, ఆమె చేతి అన్నం తిని పెరిగినవాళ్లం, మేం ఆ మాత్రం అనుకోలేకపోయాం.

ఆ తర్వాత నాకు ఆ సామాన్ల పిచ్చి పట్టిందనే చెప్పాలి. ఫోన్లో వెతికి చూసేదాన్ని. ఆ గ్లాసులు, గిన్నెలు, పళ్లేలు మొదట చూస్తే వాటిలో ఏమీ ఉండదు. బంగారు అంచు లేదు, గులాబీలు లేవు. పనిలో పెడితే తెలుస్తుంది. గ్లాసులు ఒకదాని మీద ఒకటి కుదురుగా నిలవాలని, పిడి తడిచేతికి జారకూడదని, పళ్లెం అంచు అన్నాన్ని తిరిగి చెంచాలోకే పంపాలని ఎవరో తల బద్దలు కొట్టుకున్నారు. వాళ్ల ఇళ్లలో సింకు పైన అడుగు లేని అల్మరా ఒకటి ఉంటుంది. కడిగిన పళ్లేలు తుడవకుండా అందులో నిలబెడితే నీళ్లు సింకులోకే కారిపోతాయి. గిన్నెలు తోమే మనిషి నడుము గురించి ఆలోచించినవాళ్లు తప్ప అలాంటిది చెయ్యలేరు. నాకు వాటి మీద మోజు పుట్టింది ఇందుకే. అందంగా ఉన్నాయని కాదు. అలసిపోయిన మనిషిని అవి పట్టించుకుంటాయి.

అవి మన దగ్గరికి వచ్చేసరికి ఏమవుతాయో కూడా చూశాను. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో అలాంటి గ్లాసు మీద చిన్న లైటు వేసి నగల కొట్టులోలా పెట్టారు. ఎలా ఉందో చూద్దామని తీయబోతే, తాకొద్దు మేడమ్ అంది అక్కడున్న అమ్మాయి. చేతి కోసం చేసిన గ్లాసును తాకొద్దట. ఏ ఇంట్లోనైనా పనికి రావాలని తయారైన వస్తువు కలిగినవాళ్ల గొప్పకు మాత్రం పనికొస్తోంది.

మా తమ్ముడు ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ అల్మరా ఫోటో చూసి తన వంటింట్లో అలాంటిదే చేయించాడు. అడుగు లేకపోతే బోసిగా ఉంది, పైగా బల్లులు దూరతాయని కింద మెరిసే చెక్క కొట్టించాడు. నీళ్లు పోయే దారి లేక లోపలే నిలిచి చెక్క ఉబ్బిపోయింది. ఇప్పుడు మా మరదలు ప్రతి గిన్నెనూ గుడ్డతో తుడిచి అందులో పెడుతుంది. వచ్చినవాళ్లకు మాత్రం ఫిన్లాండ్ మోడల్ అని చూపిస్తారు. నవ్వాలో ఏడవాలో తెలియదు.

పరాయి దేశానికి హారతి పడుతున్నానని ఎవరైనా అనుకుంటారేమో. టేకులపల్లి చుట్టుపక్కల అడవి పల్లెల్లో ఆడవాళ్లు అడ్డాకులతో దొప్పలు కుడతారు. సన్నని పుల్లలతో నాలుగు కుట్లు వేస్తారు. అంబలి పోసినా చుక్క కారదు, అరచేతిలో కదలకుండా కూర్చుంటుంది. దాని మీద కూడా పువ్వు లేదు. ఆ పళ్లెమూ ఈ దొప్పా ఒకే బుద్ధిలోంచి పుట్టినవని నాకనిపిస్తుంది. మనకేమో దొప్ప అంటే తిని పారేసేది, పళ్లెం అంటే దాచిపెట్టేది. రెండింటికీ మర్యాద చెయ్యడం మనకు చేతకాలేదు.

ఇలా చూస్తూ ఉండగా ఒకరోజు తట్టింది. తమ్ముడి బీరువాలో ఉన్నవి లోతైన పళ్లేలు. బరువుగా ఉంటాయి, తోస్తే కదలవు. అంచు గుండ్రంగా వంపు తిరిగి పైకి లేస్తుంది. ఒక్క చేత్తో తినే మనిషికి అంతకంటే ఏం కావాలి? వెంటనే తమ్ముడికి ఫోను చేసి అమ్మకు ఒక్కటి పంపమన్నాను. "అక్కా, ఒకటి తీస్తే సెట్టు విడిపోతది" అన్నాడు.

కావాలంటే నేను ఒకటి కొనలేనా? కొనగలను. కాని అవి అమ్మవి. పొయ్యి దగ్గర నిలబడి ఆమె వండిన అన్నానికి బదులుగా వచ్చినవి. పైగా అవి సెట్టు కానే కావు. ఒక్కొక్కటిగా కొనుక్కుని, ఒక్కొక్కటిగా పగలగొట్టుకోవడానికే తయారైనవి. తెచ్చిన మనిషే ఆ మాట చెప్పాడు. మా వాళ్ల లెక్కలో పళ్లేలు విడిపోకూడదు, ఇంటి మనిషి మాత్రం విడిగా తలుపు వెనక కూర్చుని తిన్నా ఫరవాలేదు. నోటికి ఏమొస్తుందోనని భయపడి ఫోను పెట్టేశాను.

ఈ ఎండాకాలం మా మేనమామ, అంటే అమ్మకు అన్న, మధిర నుంచి భద్రాచలం దర్శనానికి వచ్చాడు. తమ్ముడు ఆయన్నీ మమ్మల్నీ ఆదివారం భోజనానికి పిలిచాడు. అమ్మ రానంది. అన్నను చూసి ఎన్నాళ్లయిందో గుర్తుచేసి నేనే బలవంతాన బయలుదేరదీశాను. బస్సులో ఆమె సంచి సర్దుతుంటే అడుగున రుమాలులో చుట్టిన చెంచా కనబడింది. నాకు చెప్పకుండా ఇంటి నుంచి తెచ్చుకుంది. కొడుకు ఇంట్లో చెంచా అడగడానికి కూడా మొహమాటపడింది మా అమ్మ. దారి పొడుగునా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

మామ మంచివాడే. చెల్లెల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కాని ఆచారాల దగ్గర ఆయనకు పట్టింపు ఎక్కువ, అది మాకందరికీ తెలుసు. భోజనాల వేళ బల్ల మీద పప్పు, గోంగూర, పచ్చిపులుసు, వడియాలు సర్దారు. మా మరదలు అమ్మ దగ్గరికి వచ్చి ప్రేమగానే చెప్పింది. "అత్తమ్మా, నీకు రూములకే తెస్త. నిమ్మలంగ తిను. నలుగుట్ల ఇబ్బందెందుకు." అమ్మ వెంటనే లేచింది. ఆ మాట వస్తుందని ముందే తెలిసినట్టు లేచింది. తమ్ముడు మెల్లగా లోపలికి తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టి, బయటికి వస్తూ తలుపు దగ్గరగా వేశాడు.

నేను ఆ తలుపు వంక చూశాను. తర్వాత పక్కన గోడ వంక చూశాను. అక్కడ ఫ్రేములో ఆ ఇంజినీరు ఎడమచేత్తో పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. ఆయన వెనక గరిటె పట్టుకుని అమ్మ నవ్వుతోంది.

ఇక నా వల్ల కాలేదు. లేచి వెళ్లి బీరువా తలుపు లాగి ఒక పళ్లెం తీశాను. దాని మీద సన్నగా దుమ్ము ఉంది. మా మరదలు గాభరాగా వచ్చి, వదినె, అది సెట్టు అంది. నేను గొంతు పెంచలేదు, పెంచితే ఏడుపు వచ్చేది. ఫోటో చూపించి తమ్ముడితో అన్నాను.

"ఆయన గీ బల్ల మీదనే ఎడమచేత్తో తింటే ఫోటో కట్టించినవ్. అమ్మ తింటదంటే తలుపేసినవ్. ఆయనది చెయ్యి, అమ్మది కాదారా?"

తమ్ముడు తల దించుకున్నాడు. నేను పళ్లెం కడిగి బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లి అమ్మను లేపాను. అన్న ఉన్నాడు, వద్దు బిడ్డా అంది. నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే గోడ వైపు తిరిగి తింటానన్నాను. నా మొండితనం ఆమెకు తెలుసు కాబట్టి వచ్చింది.

నలుగురి మధ్య కూర్చుని సంచిలోంచి తన చెంచా తీసుకుంది. నేను పప్పన్నం కలిపి పెట్టాను. చెంచా తోసిన అన్నం అంచు దాకా పోయి, ఆ వంపు దగ్గర వెనక్కి తిరిగి చెంచాలోకే వచ్చింది. పళ్లెం కదల్లేదు. అమ్మ ఒకసారి పళ్లెం వంక చూసి ఇంకో చెంచా తీసుకుంది, ఆ తర్వాత ఇంకోటి. మెతుకు కింద పడలేదు. నేను తినడం మరిచిపోయి చూస్తున్నాను. ఇంతేనా, ఇంత చిన్న దానికి ఇన్నాళ్లు పట్టిందా అని మళ్లీ కడుపు మండింది.

అప్పుడు అమ్మ నేను అనుకోని పని చేసింది. మామ పప్పన్నం ముగించి మళ్లీ అన్నం పెట్టించుకున్నాడు. పచ్చిపులుసు గిన్నె అమ్మ ముందు ఉంది. చెంచాతో తింటోంది కాబట్టి ఆమె చెయ్యి ఎంగిలి కాదు. చెంచా పక్కన పెట్టి గరిటె అందుకుంది. నిండా పులుసు ముంచి అన్న పళ్లెం మీదికి చాచింది. మామ చప్పున పళ్లెం మీద తన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దులేమ్మా, నాకు చాలు" అన్నాడు. చాలదని అందరికీ తెలుసు. పచ్చిపులుసు అంటే ఆయనకు ప్రాణం, ఆయన కోసమే ఆ రోజు చేశారు.

గరిటె అక్కడే ఆగింది. పులుసు చుక్క ఒకటి బల్ల మీద పడింది. ఇప్పుడు అమ్మ నోటి నుంచి ఆ మాట వస్తుందని, ఎడమచెయ్యి, ఏమనుకోకు అంటుందని నేను పళ్లు బిగబట్టి కూర్చున్నాను. అమ్మ మామ ముఖంలోకి చూసింది.

"నాకు గిదే చెయ్యి ఉన్నది అన్నా. అనుకుంటే అనుకో."

కోపంగా అనలేదు. ఒక్కో మాట కూడబలుక్కుని నిదానంగా అన్నది. గరిటె వెనక్కి తీయలేదు. మామ చాలాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత తన చెయ్యి తీసేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా మరదలు ఆ పళ్లేన్ని తువాలులో చుట్టి తనే మా సంచిలో పెట్టింది. తమ్ముడు అమ్మను మెట్లు దింపి బస్సు ఎక్కించాడు. మిగతావి ఇంకా అద్దాల వెనకే నిలబడి ఉన్నాయి. వాటిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే, తమ్ముడి మీద కూడా పూర్తిగా పోలేదు. మా ఇంటికి వచ్చిన పళ్లెం రోజూ సింకులో పడుతుంది, రోజూ కడుగుతాం, అంచు దగ్గర చిన్న పెచ్చు కూడా లేచింది. అమ్మ ముందు గదిలో, వీధి తలుపు తీసి ఉండగానే కూర్చుని తింటుంది. కూరగాయలామె వస్తే లేచి వెళ్లి ఎడమచేత్తో సంచి అందిస్తుంది. ఆ ఆదివారం నుంచి ఎవరికి ఏమిచ్చినా, ఏమనుకోకు అనడం లేదు.